పన్నెండేళ్ల గుర్రం, మా తాత జట్కా

కొండమీద పార్కింగ్‌లో బండి పెట్టుకుని కూర్చునే మాలాంటి డ్రైవర్లకు సగం ఉద్యోగం ఎదురుచూపులే. పార్టీ దర్శనానికి వెళ్తే మూడు గంటలకు రావచ్చు, పది గంటలైనా రాకపోవచ్చు. కొందరు నిద్రపోతారు, కొందరు బండి తుడుస్తారు. నేను సీటు వెనక్కి వాల్చి ఫోన్లో గుర్రప్పందేలు చూస్తాను. రూపాయి కూడా కాయను. మా ఆవిడ నమ్మదు గానీ నిజం.

ఈ పిచ్చి అంటించింది బెంగళూరు నుంచి వచ్చిన ఒక పెద్దాయన. నిరుడు వానల్లో ఘాట్ దిగుతుంటే మాటల్లో మాటగా మా తాత తిరుపతి స్టేషన్ దగ్గర జట్కా తోలేవాడని చెప్పాను. ఆయన వెనక సీట్లోంచి ముందుకు వంగి, "అయితే నువ్వు రెడ్ రమ్‌ని చూడాల్సిందే" అన్నాడు. "కొండ దిగీదిగక ముందే మందు మాటేంది సార్?" అన్నాను. ఆయన అలిపిరి వచ్చేదాకా నవ్వుతూనే ఉన్నాడు. రెడ్ రమ్ గుర్రం పేరట.

ఆ రాత్రే వెతికి చూశాను. 1977 ఏప్రిల్ 2, ఇంగ్లండులో లివర్‌పూల్ పక్కన ఎయిన్‌ట్రీ అనే చోట గ్రాండ్ నేషనల్ పందెం. మన దగ్గర బెంగళూరులోనో చెన్నైలోనో జరిగేవి చదును నేల మీద పరుగులు. ఇది వేరే జాతి. దాదాపు ఏడు కిలోమీటర్ల పరుగు, దారిలో 30 సార్లు కంచెలు దూకాలి. ఛెయిర్ అనే కంచె అయిదడుగుల పైనే ఎత్తు. బీచర్స్ బ్రూక్ అనేదాని తమాషా ఇంకొకటి, ఎక్కేవైపు కంటే దిగేవైపు నేల పల్లంగా ఉంటుంది. గుర్రం గాల్లోకి లేచాకే కింద నేల లేదని తెలుస్తుంది. ఆ రోజు 42 గుర్రాలు బయలుదేరితే చివరిదాకా వచ్చినవి 11.

రెడ్ రమ్‌కి అప్పటికి పన్నెండేళ్లు. పందెపు గుర్రానికి అది రిటైరయ్యే వయసు. 1973లో, 74లో ఇదే పందెం గెలిచింది. 75లో, 76లో రెండో స్థానం. ఇంక దీని పని అయిపోయిందని చాలామంది అనుకున్నారట. పైగా వీపు మీద 73 కిలోల బరువు. ఈ పందెంలో మంచి పేరున్న గుర్రానికి ఎక్కువ బరువు మోపుతారు, మన దగ్గర బాగా పనిచేసేవాడికే ఇంకో పని తగిలించినట్టు.

వీడియోలో నేను పదిసార్లు వెనక్కి తిప్పి చూసింది రెండో చుట్టులో బీచర్స్ బ్రూక్ దగ్గర. అందరికంటే ముందు ఆండీ పాండీ అనే గుర్రం పోతోంది. ఎక్కువమంది డబ్బు కాసింది దానిమీదే. దూకింది, దిగేటప్పుడు పడిపోయింది. వెనకే రెడ్ రమ్. కంచె ముందు అడుగు కాస్త కురచ చేసుకుని, లేచి, దిగి, ఏమీ జరగనట్టు పోయింది. అక్కడినుంచి అదే ముందు. జాకీ టామీ స్టాక్ పెద్దగా చేసింది కూడా ఏమీ కనపడదు, ఊరికే కదలకుండా కూర్చున్నాడు. చుట్టూ జాకీలు లేని గుర్రాలు అడ్డదిడ్డంగా పరిగెడుతున్నాయి, వాటినీ తప్పించుకుంది. చర్చ్‌టౌన్ బాయ్ ఒక్కటే కొంచెం భయపెట్టింది. కానీ పాపం అది రెండు రోజుల ముందే అదే మైదానంలో ఇంకో పందెం గెలిచి వచ్చింది. చివరికి 25 గుర్రాల పొడవు తేడా. ముందున్నది పడబట్టి గెలిచింది అనేవాళ్లుంటారు. పడకుండా ఉండడమే కదా ఆ పందెం! అయిదేళ్లు వరసగా అక్కడ పరిగెత్తి ఒక్కసారీ పడని గుర్రం అది. మూడుసార్లు ఆ పందెం గెలిచింది ఇప్పటికీ అదొక్కటే.

అయితే నన్ను పట్టేసింది గెలుపు కాదు, దాని కాళ్లు. ట్రైనర్ జింజర్ మెకెయిన్ టాక్సీ తోలినవాడు! సెకండ్ హ్యాండ్ కార్ల షోరూం, దాని వెనకాలే గుర్రాల కొట్టం. ఆయన టాక్సీ ఎక్కే ఎనభై దాటిన ముసలాయన నోయెల్ లె మేర్ కోసమే 1972లో ఆరు వేల గినీలకు (అప్పటి ఇంగ్లండు డబ్బు లెక్క) ఈ గుర్రాన్ని కొన్నాడు. తీరా చూస్తే కుంటుతోంది. గిట్ట లోపలి ఎముకకు వాపు రోగం. మెకెయిన్ దాన్ని సౌత్‌పోర్ట్‌లో సముద్రపు నీళ్లలో నడిపించాడు, బయటికి వచ్చాక కుంటు తగ్గిందని చెబుతారు. ఆ తర్వాత రోజూ ఆ ఇసుకలోనే సాధన.

ఇది చదివినప్పుడు మా తాత కళ్లముందు మెదిలాడు. మా జట్కా గుర్రానికి పేరు లేదు, "అబ్బోడా" అని పిలిచేవాడు. స్టేషన్ నుంచి అలిపిరికి, గోవిందరాజస్వామి గుడికి రోజంతా తారు రోడ్డే. ఎండాకాలం సాయంత్రం ఇంటికి రాగానే తాత తాను నీళ్లు తాగేవాడు కాదు. మోకాళ్ల మీద కూర్చుని ఒక్కో గిట్టా ఎత్తి ఒళ్లో పెట్టుకుని, లాడం సందులో ఇరుక్కున్న రాయి మేకుతో తీసి, తడిగోనె చుట్టేవాడు. బేరాల్లేని రోజు తిరుచానూరు వైపు స్వర్ణముఖికి తోలుకుపోయేవాడు. ఏట్లో నీళ్లుంటే నీళ్లలో, లేకపోతే ఇసుకలో నడిపించేవాడు. నేను వెనకాలే. "తారు కాళ్లు తింటాది రా, ఇసక కాళ్లిస్తాది" అనేవాడు. ఆయన సౌత్‌పోర్ట్ పేరే వినలేదు.

ఒకసారి వానకు తడిసిన తారు మీద అబ్బోడు ముందుకాళ్లు జారి కూలబడ్డాడు. మోకాలు చీరుకుపోయింది. బండిలో ఉన్నవాళ్లు బాడుగ ఇవ్వకుండా దిగి వెళ్లిపోయారు. తాత వాళ్లవైపు చూడను కూడా చూడలేదు, గుర్రం తల పట్టుకుని రోడ్డు మీదే కూర్చున్నాడు. అందుకే ఈ వీడియోల్లో గుర్రాలు పడే ముక్కలు నేను చూడను, వేలితో ముందుకు జరిపేస్తాను. ఆ పందెంలో గుర్రాలు చచ్చిపోయిన సందర్భాలున్నాయి. కంచెలు మార్చారు, 2024 నుంచి 34 గుర్రాలకు మించి దింపడం లేదు. అయినా నా మనసు పూర్తిగా ఒప్పుకోదు. ఒప్పుకోకపోయినా చూస్తాను, అదొక బలహీనత.

ఆ మూడో గెలుపు తర్వాతి ఏడు, 1978లో ఆరోసారి పరిగెత్తాల్సి ఉండగా, పందెం ముందు రోజు రెడ్ రమ్ కాల్లో సన్నటి పగులు బయటపడింది. అంతటితో ఆపేశారు. 1995లో ముప్పై ఏళ్లకు పోతే ఎయిన్‌ట్రీలో గెలుపు స్తంభం దగ్గరే పూడ్చారు. మా అబ్బోణ్ణి ఆటోలు ఎక్కువయ్యాక అమ్మేశారు. ఎవరికో నాకు చెప్పలేదు, నేనూ గట్టిగా అడగలేదు.

మొన్న ఆదివారం మా నాయనకు ఈ పందెం చూపించాను. డెబ్బై ఎనిమిదేళ్లు, చూపు తగ్గింది, ఫోన్ ముక్కుకి ఆనించుకుని మొత్తం చూశాడు. జనం కేకలు, గెలుపు, ఏదీ ఆయన్ని కదిలించలేదు. అయిపోయాక ఫోన్ నా చేతిలో పెట్టి, "అంతా బాగుండాది గానీ, దానికి లాడాలు కొట్టినోడు ఎవురంట?" అన్నాడు.