మా వాడు నైన్త్‌లోనే వాయించేశాడండీ

నిన్న భోజనాలకి వచ్చినవాళ్లలో ఒకాయన (పేరెందుకులెండి) గోంగూర రెండోసారి వడ్డించుకుంటూ అన్న మాట ఇది. మా పెద్దమ్మాయి కాలేజీలో జాజ్ శాక్సఫోన్ చదవడానికి ఇచ్చే ఆడిషన్‌కి ఏం వాయిస్తోంది అని ఆయనే అడిగారు, పెద్దది చెప్పింది, దానికి ఆయన "ఓ, బిల్లీస్ బౌన్సా? మా వాడు నైన్త్‌లోనే వాయించేశాడండీ" అన్నారు. ఆ తర్వాత మాటలు వీసాల మీదికి, అక్కణ్నుంచి ఎవరో కొన్న ఇంటి మీదికి వెళ్లిపోయాయి. అందరూ మర్చిపోయారు. నేను మర్చిపోలేదు. పెద్దది అసలే మర్చిపోలేదు, సాయంత్రం స్కూలు నుంచి వచ్చీ రాగానే బేస్‌మెంట్‌లోకి దిగి 'జయంట్ స్టెప్స్' అనే మహా కష్టమైన జాజ్ పాట మొదలుపెట్టింది. ఇప్పుడు పదకొండు దాటింది, ఇంకా ఆపలేదు. ఈయన నిద్రపోయారు, ఎలా నిద్రపడుతుందో ఆయనకే తెలియాలి.

లిస్టు మొన్నటిదాకా ఖాయంగా ఉంది. బ్లూస్‌కి శాక్సఫోనిస్టు చార్లీ పార్కర్ 'బిల్లీస్ బౌన్స్', బాలడ్‌కి (మెల్లగా, భావం పలికిస్తూ వాయించేది) 'బాడీ అండ్ సోల్', మూడోది 'ఆల్ ద థింగ్స్ యూ ఆర్'. ఆగస్టులో మాస్టారు దాన్ని కూర్చోబెట్టి ఏది ఎందుకో చెప్పారు, నేను బట్టలు మడతపెట్టే నెపంతో మెట్ల మీద కూర్చుని విన్నాను. బ్లూస్ అంటే పన్నెండు బార్లు (మన ఆవర్తాల్లాంటివి), అంతే. ఎదురుగా కూర్చునేవాళ్లు వేలసార్లు విన్నదే. అందుకే, ఈ పిల్లకి లయ నిలబడుతుందా, బేస్ వాయించేవాణ్ని వింటోందా, పార్కర్‌ని నిజంగా విన్నదా లేక కాగితం చూసి నేర్చుకుందా అన్నది మొదటి కోరస్‌లోనే, అంటే పాట ఒక చుట్టు తిరిగేలోపే, తెలిసిపోతుందన్నారు. దాక్కోవడానికి చోటుండదట. 'ఆల్ ద థింగ్స్' జెరోమ్ కెర్న్ 1939లో కట్టినది, ముప్పై ఆరు బార్లలో అయిదు శ్రుతులు తిరిగొస్తుంది, దారి తప్పకుండా తిరిగొస్తే హార్మనీ తెలుసా అన్న ప్రశ్నకి జవాబు అక్కడే వచ్చేస్తుంది. బాలడ్ సంగతి తర్వాత చెప్తాను, అసలు గొడవ అక్కడుంది.

ఇందులో ఈజీ ఎక్కడుందో నాకర్థం కాదు. మోహన వర్ణం రెండో ఏడు పిల్లలూ పాడతారు, పెద్ద విద్వాంసులు కచేరీ మొదలుపెట్టడానికీ పాడతారు. అవి రెండూ ఒకటేనా? "నైన్త్‌లోనే వాయించేశాడు" అంటే ఏమిటి, హెడ్ (పాట అసలు వరస) వాయించాడా, సొంతంగా అల్లే సోలో వాయించాడా, స్కూల్ బ్యాండ్‌లో ఇరవై మంది వెనకాల నిలబడి వాయించాడా? అడగాల్సింది. అడగలేదు, పెరుగన్నం వడ్డించాను. పైగా చేయి కడుక్కుంటూ "శుభ్రంగా కద్రి గోపాల్‌నాథ్ లాగా మన సంగీతం నేర్పించకపోయారా" అని ఇంకోటి. అక్కడైనా చెప్పాల్సింది, ఇక్కడికి అరగంట దూరంలో ప్రిన్స్‌టన్ యూనివర్సిటీలో జాజ్ విభాగం నడుపుతున్న శాక్సఫోనిస్టు రుద్రేశ్ మహంతప్ప, చదువుకునే రోజుల్లో సోదరుడు తమాషాకి ఇచ్చిన గోపాల్‌నాథ్ రికార్డు వినే ఆయన్ని వెతుక్కుంటూ వెళ్లాడని, 2008లో ఇద్దరూ కలిసి 'కిన్స్‌మెన్' అని ఆల్బమ్ చేశారని. ఆయనకి ఇదంతా అనవసరం. నాకు మాత్రం ఇలాంటి జవాబులన్నీ అంట్లు తోముతున్నప్పుడే గుర్తొస్తాయి.

సరే, ఆయన ఒక్కడి మీదే పడ్డం ఎందుకు, ఈ స్కూళ్లు మాత్రం తక్కువ తిన్నాయా. ఇంజనీరింగ్‌కి ఒక ఎంట్రన్స్ పెట్టినట్టు దీనికీ ఒక పద్ధతి పెట్టొచ్చుగా. ఒకళ్లు బ్లూస్, బాలడ్, వేగంగా నడిచేది ఒకటి అంటారు. ఇంకొకళ్లు "ఒకదానికొకటి పోలిక లేనివి" అని ఊరుకుంటారు. ఒకళ్లకి ఎవరిదైనా పాత రికార్డులోని సోలో చెవితో పట్టి ఉన్నదున్నట్టు వాయించి చూపించాలి. ఒకళ్లు బ్యాకింగ్ ట్రాక్ మీద వాయిస్తే ఫర్వాలేదంటారు, ఒకళ్లు మనుషులే ఉండాలి అంటారు. వీడియో మధ్యలో కోతలుండకూడదు, చేతులూ మొహమూ కనబడాలి. పాట ఎంతసేపు వాయించాలో ఒకళ్లు నిమిషాల్లో చెప్తే ఇంకొకళ్లు కోరస్‌ల లెక్కన చెప్తారు. మా లిస్టులో చాలావాటికి డిసెంబర్ 1 గడువు. ఈయన దీనికొక స్ప్రెడ్‌షీట్ కట్టారు, రంగులు కూడా వేశారు. అందులో 'బాలడ్' పక్కన "స్లో సాంగ్ (కన్ఫర్మ్)" అని ఉంటుంది, చూసినప్పుడల్లా ఒళ్లు మండుతుంది.

మొన్న శనివారం రికార్డింగ్ పెట్టుకున్నాం. పియానో అబ్బాయి, బేస్ అబ్బాయి, డ్రమ్స్ అమ్మాయి, ముగ్గురూ కాలేజీ పిల్లలు, ముగ్గురికీ ఒకే పూట ఖాళీ దొరకడం ముహూర్తం కుదరడం కన్నా కష్టం. గంటల లెక్కన డబ్బు, పైన భోజనం. పులిహోర బాగా తిన్నారు పాపం. బ్లూస్ బ్రహ్మాండంగా వస్తోంది, రెండో కోరస్‌లో పెద్దది ఏదో వాయిస్తే డ్రమ్స్ అమ్మాయి నవ్వడం కూడా చూశాను, సరిగ్గా అప్పుడు పక్కింటాయన లీఫ్ బ్లోయర్ స్టార్ట్ చేశాడు. ఈ నవంబరంతా న్యూజెర్సీలో ఆకుల కన్నా ఆ మోతే ఎక్కువ. వెళ్లి అడిగితే "పది నిమిషాలే" అన్నాడు. నలభై నిమిషాలు ఊదాడు. ఆ టేక్ పోయింది. మళ్లీ వాయించినవేవీ దానిలా రాలేదు. రానివాటిలో ఉన్నంతలో మంచిది ఏరి పెట్టుకున్నాం.

ఇంత జరిగాక ఇప్పుడు 'జయంట్ స్టెప్స్' అంటే నాకు బీపీ పెరగదా. శాక్సఫోనిస్టు జాన్ కోల్ట్రేన్ 1959లో రికార్డు చేసింది అది. మూడు శ్రుతుల మధ్య గిరగిరా తిప్పుతుంది, ఊపిరి తీసుకునే లోపు శ్రుతి మారిపోతుంది. ఆ రికార్డులోనే పియానో వాయించిన టామీ ఫ్లానగన్ అంతటివాడు తన వంతు వచ్చేసరికి ఆగి ఆగి, చివరికి ఉత్త కార్డ్స్ (కలిపి మోగించే స్వరాలు) పట్టుకుని నెట్టుకొచ్చాడు. వింటే ఎవరికైనా తెలుస్తుంది. అలాంటిది మూడు వారాల్లో నేర్చుకుని ఆడిషన్‌కి పంపిస్తుందట. గోంగూరాయనకి జవాబు చెప్పడానికి.

"వద్దే, మా పిన్ని తోడి రాసినట్టవుతుంది" అన్నాను. ఆ కథ దానికి కంఠతా వచ్చు, కళ్లు తిప్పేసి కిందికి వెళ్లిపోయింది.

మీలో కొత్తవాళ్లకి తెలియదేమో, సత్యనారాయణపురం పిన్ని ఆకాశవాణి ఆడిషన్‌కి వెళ్లిన కథ. పున్నమ్మతోటలో స్టేషన్. నేనప్పుడు వేసవి సెలవలకి బెజవాడలో ఉన్నాను, తోడు నన్ను తీసుకెళ్లింది, తోడంటే ఏముంది, రిక్షాలో పక్కన కూర్చోవడం, ఫ్లాస్కులో మిరియాల పాలు ఒలక్కుండా పట్టుకోవడం. వచ్చిన రాగాల జాబితా రాసివ్వాలి, అందులోంచి వాళ్లకి తోచింది అడుగుతారు. పాడేవాళ్లకి వినేవాళ్లు కనబడరు. పిన్ని వాళ్ల గురువుగారు నెల ముందే చెప్పారు, మోహన, మధ్యమావతి, హంసధ్వని, నీ గొంతుకి నప్పేవి రాసి ఊరుకో, ఎక్కువ తెలివి చూపించకు అని. పిన్ని బుద్ధిగా తలూపి, రిక్షా దిగాక గేటు దగ్గర జాకెట్లోంచి పెన్ను తీసి చివర తోడి అని, ఓ కష్టమైన రాగం, చేర్చింది. నేను చూశాను. నా వైపు చూసి "అమ్మకి చెప్పకు" అంది. వాళ్లు అదే అడిగారు మరి. అడగరా? నోట్లో నీళ్లూరేలా కాగితం మీద కనబడుతుంటే. లోపల ఎంతసేపుందో తెలియదు, బయట బెంచీ మీద నాకు కాళ్లు తిమ్మిర్లెక్కాయి. బయటికొచ్చాక మొహం ఎర్రగా ఉంది, ఏం మాట్లాడలేదు, బందరు రోడ్డు మీద బండి దగ్గర రిక్షా ఆపించి పునుగులు కొంది, అల్లం చట్నీతో. ఇద్దరం నిలబడి తిన్నాం. గొంతు పాడవుతుందని నెలరోజులుగా నూనె వస్తువు ముట్టని మనిషి, నా వాటాలోంచి కూడా రెండు తీసుకుంది. తర్వాత ఉత్తరం వచ్చింది, ఎంపిక కాలేదని. ఇక మా ఇంట్లో ఎవరు ఏ పనికి కొంచెం పైకి చెయ్యి చాపినా "తోడి రాశావటే" అనడం అలవాటైపోయింది. ఇంజనీరింగ్ ఆప్షన్లలో నేను పెద్ద కాలేజీ రాసినప్పుడు నాన్న అన్నారు. పెళ్లిచూపుల్లో అక్క ఒక డాక్టర్ సంబంధం కావాలంటే అమ్మ అంది.

ఇదంతా రాస్తుంటే ఇప్పుడు అనిపిస్తోంది, ఇన్నేళ్లూ ఆ కథ చెప్పిందంతా మిగతావాళ్లే. పిన్ని నోటంట నేను ఎప్పుడూ వినలేదు. తోడి ఎలా పాడావని ఆవిణ్ని ఎవరైనా అడిగారా? ఇక్కడ రాత్రి అంటే అక్కడ పొద్దున్నే కదా, టైపు చేయడం ఆపి ఫోన్ చేశాను.

పూజ మధ్యలో ఉందట, అయినా ఎత్తింది. నేను కొంచెం నాటకీయంగానే అడిగినట్టున్నాను. "ఏం పాడానే, గాంధారమే పలకలేదు. వణికింది. అది ఊపాల్సిన గాంధారం, వణకాల్సింది కాదు" అని పకపకా నవ్వింది. మరి ఎందుకు రాశావు పిన్నీ అంటే "అప్పటికి ఆరు నెలల్నుంచి రోజూ అదేగా పాడుకుంటున్నాను, వేరేవి నోటికి రావడం లేదు. హంసధ్వని పాడినా ఇవ్వకపోదురులే" అంది. నేనేమో పౌరుషంతో రాసిందనుకున్నాను ఇన్నాళ్లూ. పెద్దదాని సంగతి చెప్తే "వాళ్లు అడుగుతారా, మనమే ఎంచుకోవాలా" అని అడిగింది. ముందు పంపే వీడియోకి మనమే, పిలిస్తే అక్కడ వాళ్లు అడగొచ్చు అన్నాను. "మనమే అయితే ఇంక ఏడుపెందుకే" అని దీపం కొండెక్కుతోందని పెట్టేసింది. పెద్దగా ఉపయోగపడలేదు నిజానికి.

ఉపయోగపడలేదంటున్నాను గానీ, ఫోన్ పెట్టాక మెట్ల మీద కూర్చుని కిందనుంచి వచ్చేది కాస్త మనసుపెట్టి విన్నాను. 'జయంట్ స్టెప్స్' చాలా ఘోరంగా ఉంది. మెట్రోనోమ్ సగానికి సగం తగ్గించి, రెండు బార్లు వాయించడం, ఆగడం, తిట్టుకోవడం. దానికి అది రాదు, ఈ డిసెంబర్‌కి రాదు, గోంగూరాయన వాళ్ల అబ్బాయికీ వచ్చి ఉండదు. కానీ మధ్యలో విసుగొచ్చి 'బాడీ అండ్ సోల్' హెడ్ ఒకసారి వాయించింది, అప్పుడు నాకు అసలు దిగులు పట్టుకుంది. ఒక్క తప్పు లేదు. బ్రిడ్జి (పాట మధ్య భాగం) దగ్గర శ్రుతి అర మెట్టు పైకి జరిగే చోటు కూడా నున్నగా దాటేసింది. పద్ధతిగా హోంవర్కు చేసి పెట్టినట్టుంది. 1939లో శాక్సఫోనిస్టు కోల్మన్ హాకిన్స్ ఆ పాట రికార్డు చేసినప్పుడు అసలు వరసని మొదట్లో కాస్త ముట్టుకుని వదిలేసి మిగతాదంతా తన ఇష్టం వచ్చినట్టు పోయాడు, ఇదేమో అసలు వరసకి కాపలా కాస్తోంది. శనివారం వీడియోలోనూ అలాగే ఉండి ఉంటుంది, నేను పులిహోర హడావిడిలో వినలేదు.

అంటే మార్చాల్సింది బ్లూస్ కాదు, మూడోదీ కాదు. బాలడ్. మాస్టారికి కూడా తెలుసనుకుంటా, పోయినవారం "పాటలోని మాటలు నేర్చుకున్నావా" అని అడిగితే ఇది నోరు తెరవలేదు. పాతకాలపు శాక్సఫోనిస్టు లెస్టర్ యంగ్ మాటలు తెలియని పాట వాయించడానికి ఇష్టపడేవాడు కాదని ఆయన ప్రతి క్లాసులోనూ చెప్తారు. మరి దీనికి మాటలు వచ్చిన బాలడ్ లేకపోలేదు. కారులో 88.3 జాజ్ రేడియో పెట్టినప్పుడు గాయని సారా వాన్ పాడిన 'మిస్టీ' వస్తే గొంతు కలుపుతుంది, నేను చూస్తున్నానని తెలిస్తే ఆపేస్తుంది. ఆవిడ నూవార్క్ మనిషి, మాస్టారిదీ ఆ ఊరే, ఆయన కాదనరు. ఇదే అంటుంది, "అమ్మా, అది పెళ్లిళ్లలో వాయిస్తారు, చీజీగా ఉంటుంది" అని. నైన్త్‌లో వాయించేసినవాళ్ల నాన్నలు ఇంకేమంటారో.

నేను చెప్తే ససేమిరా వాయించదు, కాబట్టి చెప్పను. మాస్టారికి మాత్రం ఇందాకే మెసేజ్ పెట్టాను, బాలడ్ మీద మీ అభిప్రాయం ఏమిటని అమాయకంగా. పియానో అబ్బాయికి కూడా చెప్పాలి, ఆ రెండో షీటు అప్పుడే ప్రింట్ తియ్యొద్దని. పక్కింటాయన్ని వచ్చే శనివారం ఎన్నింటికి ఆకులు ఊదుతాడో ముందే కనుక్కోవడం ఈయన పని, స్ప్రెడ్‌షీట్‌లో ఒక గడి పెట్టాను, ఎర్ర రంగు వేసి.