గజానికి కాదు, నెలకు

మా అమ్మాయి బొమ్మలు బాగా వేస్తుంది. ఏ తెలుగింట్లోనైనా చుట్టాల ముందు మురిపెంగా చెప్పుకునే మాటే ఇది, పదో తరగతి దాకా. పదో తరగతి వచ్చేసరికి అదే మాట చెప్పేటప్పుడు గొంతు కొంచెం తగ్గుతుంది. మేముండే నార్వేలోని బెర్గెన్‌లో పదో తరగతి పిల్లలు ఆ తర్వాతి మూడేళ్ళ చదువుకి మార్చి 1 లోపు దరఖాస్తు పెట్టాలి. లెక్కలు, సైన్సు ఉండే మామూలు దారితో పాటు 'కళ, డిజైన్, వాస్తుశిల్పం' అని ఇంకో దారి కూడా ఉంది. అది చదివినా యూనివర్సిటీకి వెళ్ళే అర్హత వస్తుంది. మా పిల్ల మొదటి కోరికగా దాన్నే పెట్టింది. నెల్లూరు నుంచి మా అమ్మ వీడియో కాల్‌లో ఒకే ఒక్క ప్రశ్న వేసింది: "బొమ్మలేస్తే కూడెవరు పెడతారమ్మా?"

అమ్మను తప్పు పట్టే పని లేదు. అడగాల్సిన ప్రశ్నే అడిగింది. దీనికి నార్వే చెప్పే జవాబు మనం అలవాటు పడిన జవాబు లాంటిది కాదు. అది నాకు ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు. పిల్లల స్కూలు సంచుల్లో వచ్చే కాగితాల్లో ముక్కలు ముక్కలుగా తెలిసింది.

సంచి అంటే గుర్తొచ్చింది. ఇక్కడ స్కూళ్ళలో 'సాంస్కృతిక స్కూలు సంచి' అనే ప్రభుత్వ పథకం ఒకటుంది, 2001 నుంచి దేశమంతా నడుస్తోంది. రచయితలు, చిత్రకారులు, నాట్యం చేసేవాళ్ళు, సంగీతకారులు బడికే వచ్చి పిల్లలకు తమ పని చూపిస్తారు. వచ్చేవాళ్ళంతా అదే వృత్తిగా బతికేవాళ్ళు. మన వార్షికోత్సవాల్లో లాగా శాలువా కప్పి, పూలగుత్తి ఇచ్చి పంపడం ఉండదు, పనికి తగ్గ డబ్బు ఇస్తారు. దానికి ఖర్చు చాలావరకు ప్రభుత్వ లాటరీ సంస్థ నోర్స్క్ టిప్పింగ్ లాభాల్లోంచి వస్తుంది. లాటరీ టికెట్టు కొంటే ఇల్లు గుల్లవుతుందని విని పెరిగినదాన్ని, ఆ సొమ్ముతో మా అబ్బాయి సమకాలీన నాట్యం చూసి వచ్చాడంటే ఏమనాలో తెలియలేదు. వాడు మాత్రం "బోరు కొట్టింది" అన్నాడు. అనొచ్చు కదా! సినిమా బాగాలేదనే హక్కు మనకు ఎలా ఉందో, నాట్యం బాగాలేదనే హక్కు వాడికీ అలాగే ఉంది.

స్కూలు అయిపోయాక నేర్చుకునే సంగీతానికి, చిత్రలేఖనానికి ప్రతి మునిసిపాలిటీ 'కుల్తూర్‌స్కూలె' అని ఒక బడి నడపాలని 1997 నుంచి చట్టమే ఉంది. ఫీజు ఉంటుంది, సీటు కోసం వరసలో ఆగాలి కూడా. శనివారం కూచిపూడి, ఆదివారం తెలుగు క్లాసు, మధ్యలో ఇది. మా పిల్లల వారాంతాలు మా ఇద్దరి ఆఫీసు రోజుల కంటే కిక్కిరిసి ఉండేవి. కూచిపూడి ఈ ఏడాది మా అమ్మాయి మానేసింది. ఆ గొడవ ఇక్కడ వద్దులెండి.

కళాకారుడికి ఊరు జీతం పెట్టినట్టు పెట్టడం ఇక్కడ కొత్తేం కాదు. ఓస్లో వెళ్ళిన మనవాళ్ళందరూ ఫ్రోగ్నెర్ పార్కులో ఏడుపుముఖం పిల్లవాడి కంచు బొమ్మ పక్కన ఫోటో దిగే ఉంటారు. ఆ బొమ్మలన్నీ చెక్కిన గుస్తావ్ విగెలాన్‌తో ఓస్లో నగరం 1921లో ఒక ఒప్పందం రాసుకుంది: నగరం ఆయనకు ఇల్లు, స్టూడియో కట్టిస్తుంది, బదులుగా ఆయన పని అంతా నగరానిది. చిత్రకారుడు ఎడ్వర్డ్ మూంక్ కథ ఇంకో రకం. తన దగ్గర మిగిలినవన్నీ ఓస్లో నగరానికే రాసిచ్చి 1944లో పోయాడు. ఆయన బతికిన ఎకెలి అనే చోట ఇల్లు 1960లో కూల్చేశారు గానీ, చలికాలం స్టూడియో మిగిలింది. ఆ స్థలంలోనే కళాకారుల ఇళ్ళు, పనిచోట్లు లేచాయి. ఇప్పుడు సముద్రం ఒడ్డున మూంక్ పేరిట 2021లో తెరిచిన కొత్త మ్యూజియం ఎత్తుగా నిలబడి ఉంది. పిల్లలకు నేను ఏది చూపించినా తర్వాత కేఫ్‌లో తిన్న దాల్చినచెక్క బన్నే గుర్తుంటుంది. కానీ "ఆయనకి ఇల్లు మునిసిపాలిటీ ఇచ్చిందా?" అని మా అమ్మాయి విగెలాన్ మ్యూజియంలో అడిగింది. కూడు ప్రశ్నకి అదే తన రూపం అనుకుంటా.

అసలు జవాబు ఒక రెసిడెన్సీలో దొరికింది. రెసిడెన్సీ అంటే, వేరే చోటి కళాకారుణ్ణి కొన్నాళ్ళు పిలిచి, ఉండటానికి గది, పని చేసుకోవడానికి స్టూడియో ఇచ్చే ఏర్పాటు. డబ్బులు ఇచ్చేవీ ఉన్నాయి, తీసుకునేవీ ఉన్నాయి. బెర్గెన్‌కు ఉత్తరాన ఫ్యోర్డ్ (కొండల మధ్యకి చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ) పక్కన ఒక చిన్న ఊళ్ళోని రెసిడెన్సీకి శ్రీకాళహస్తి వైపు నుంచి ఒక కలంకారీ కళాకారుడు వచ్చాడని వాట్సాప్ గ్రూపులో తెలిసింది. స్టూడియో తలుపులు ఊరివాళ్ళకి తెరిచే రోజు చూసుకుని, పులిహోర, ఆవకాయ కట్టుకుని బయల్దేరాం. పులిహోర ఆయన కోసం, ఆవకాయ కూడా ఆయన కోసమే గానీ, సగం మావారే తినేశారు.

కలంకారీకి కావలసింది ఎండ, పారే నీళ్ళు. ఆ ఊళ్ళో నీళ్ళకి కొదవ లేదు, ఎండ మాత్రం కంటికి కనిపిస్తే పండగే. అందుకని ఆయన రంగు వేసిన గుడ్డను తడి బట్టలు ఆరబెట్టే కరెంటు బీరువాలో వేలాడదీసి పెట్టుకున్నాడు. నార్వేలో పిల్లలున్న కొన్ని ఇళ్ళలో ఆ బీరువా ఉంటుంది, వాన కోట్లు ఆరబెట్టుకోవడానికి. కరక్కాయ, పాలు పట్టించిన గుడ్డ వాసన దాన్లోంచి వస్తుంటే మా అబ్బాయి ముక్కు మూసుకున్నాడు. అందరూ వండుకునే వంటగదిలో ఒక మూలన గాజు సీసా పెట్టి ఉంది. తాటిబెల్లం, తుప్పుపట్టిన ఇనుప ముక్కలు వేసి మురగబెట్టిన నల్లరంగు అది. దాని మీద 'తినేది కాదు' అని నార్వేజియన్‌లో, ఇంగ్లీషులో, కింద తెలుగులో కూడా రాసి అంటించాడు. తెలుగు ఎవరి కోసం అని అడిగితే, "నాకే అమ్మా, పొరపాట్న చారులో పోస్తానేమోనని" అన్నాడు.

ఆ ఊళ్ళో ఉన్ని వడికే ఒక పెద్దావిడ బిర్చ్ చెట్టు ఆకులు ఉడకబెట్టి పసుపు తీయడం ఆయనకి చూపించిందట. ఇంటి దగ్గర పువ్వులతో, కాయల బెరడుతో తీసే పసుపు ఈ ఆకుతో ఎలా వస్తుందో గుడ్డ ముక్కల మీద వేసి వరసగా పిన్నులు గుచ్చి పెట్టాడు. మా అమ్మాయి ఆ ముక్కల ముందు చాలాసేపు నిలబడింది. నేను లోపల్లోపల సంబరపడ్డాను, మన ఊరి విద్య నచ్చింది పిల్లకి అని. అది వెనక్కి తిరిగి, తన బెర్గెన్ తెలుగులో, "రోజుకి ఎన్ని చేస్తారంకుల్?" అని అడిగింది.

"ఇక్కడ లెక్క లేదు పాపా. నెలకింత అని ఇస్తారు. మా ఊళ్ళో అయితే గజానికింత, చీరకింత."

"ఏమీ చెయ్యకపోయినా ఇస్తారా?"

నాకు తల తీసేసినట్టైంది. ఆయన మాత్రం పడీపడీ నవ్వాడు. "నేనూ మొదటిరోజు అదే అడిగినా. ఇస్తామన్నారు. దాంతో భయమేసి రోజూ చేస్తాండా."

కారులో తిరిగొస్తూ మా అమ్మాయి మాట్లాడింది కలంకారీ గురించి కాదు. గజం లెక్కన బతికేవాడు కొత్త రంగు ప్రయత్నించడానికి ఎప్పుడు ఆగుతాడు, ఆగితే ఆ రోజు కూలి పోతుంది కదా అని. ఈ మాట నాకు కొట్టొచ్చినట్టు అనిపించింది. మూలాలంటే మనకి ముగ్గు, నాట్యం, పండగ బట్టలు. మా పిల్ల శ్రీకాళహస్తి మనిషిలో చూసింది కూలి లెక్క. ఏది ముఖ్యమో నేను తేల్చలేను గానీ, అది చూసింది నిజం.

మన వైపు నుంచి రావాలనుకునే కళాకారులు నన్ను ఇక్కడి సంగతులు అడుగుతుంటారు, చుట్టాల అబ్బాయిలు మొదలుకొని. పశ్చిమ తీరంలో దాలె అనే ఊళ్ళో నార్డిక్ కళాకారుల కేంద్రం 1998 నుంచి ఉంది. చిత్రకారులు, డిజైనర్లు, వాస్తుశిల్పులకు ఇల్లు, స్టూడియో, నెలనెలా భత్యం ఇస్తారు. బెర్గెన్‌లో ఒకప్పుడు సార్డీన్ చేపలు డబ్బాల్లో పెట్టిన కర్మాగారం ఇప్పుడు యూఎస్ఎఫ్ వెర్ఫ్తెట్ అనే కళాకేంద్రం, అక్కడా అతిథి కళాకారులు ఉంటారు. ట్రోన్‌హైమ్‌లో లాదెమోయెన్ కళాకారుల కార్యశాలలు ఉన్నాయి. లోఫోటెన్ దీవుల్లోని స్వోల్వేర్‌లో ఉత్తర నార్వే కళాకేంద్రం ఉంది. ఇంకా పైకి వెళ్తే స్వాల్‌బార్డ్ దీవుల్లో ఆర్టికా స్వాల్‌బార్డ్. ఆ దీవుల చుట్టూనే ఓడలో తిప్పే 'ది ఆర్కిటిక్ సర్కిల్' అని ఇంకోటుంది, కానీ అందులో చేరే వాళ్ళే డబ్బు కట్టుకోవాలి. పేరు గొప్పగా ఉంది కదా అని దరఖాస్తు నింపే ముందు, ఎవరు ఎవరికి ఇస్తున్నారో చివరి పేజీ దాకా చదవండి. ఓకా అని పిలిచే నార్వే సమకాలీన కళల కార్యాలయం 2001లో పెట్టారు. ఇటలీలో రెండేళ్ళకోసారి జరిగే పెద్ద కళా ప్రదర్శన వెనిస్ బియెనాలెకి నార్వే తరఫున ఎవరు వెళ్ళాలో చూసేది అదే. బయటి దేశాల క్యురేటర్లను, అంటే కళా ప్రదర్శనలు కూర్చేవాళ్ళను, పిలిచి ఇక్కడి స్టూడియోలు తిప్పేదీ అదే.

వీసా సంగతి. నార్వేతో సహా చాలా యూరప్ దేశాలకి కలిపి ఇచ్చే షెంగెన్ వీసా మీద 180 రోజుల్లో 90 రోజులే ఉండొచ్చు, అంతకుమించితే వేరే అనుమతి కావాలి. స్వాల్‌బార్డ్‌కి వీసా అక్కర్లేదని చాలామంది గట్టిగా చెప్తారు. మాట నిజమే గానీ అక్కడికి విమానం నార్వే మీదుగా వెళ్తుంది. స్వాల్‌బార్డ్ షెంగెన్‌లో లేదు కాబట్టి, తిరిగి వచ్చేటప్పుడు మళ్ళీ ప్రవేశించినట్టే లెక్క. రెండుసార్లు ప్రవేశం ఉన్న వీసా లేకపోతే తిరుగు దారిలో ఇరుక్కుంటారు. నెల కూడా చూసుకోండి. డిసెంబరులో ఉత్తరాన సూర్యుడే లేవడు, జూన్‌లో అస్తమించడు. చిత్రకారుడికి అది చిన్న విషయం కాదు.

ఇదంతా చదివి ఇక్కడ కళాకారులు కోటీశ్వరులు అనుకోవద్దు. మాకు తెలిసిన ఒక చిత్రకారిణి వారంలో సగం రోజులు పిల్లల కిండర్‌గార్టెన్‌లో పని చేస్తుంది. యూరప్ బయటి దేశాల విద్యార్థులకు యూనివర్సిటీ చదువు 2023 నుంచి ఉచితం కూడా కాదు. అది మా పిల్లల్ని తాకదు, ఇక్కడి శాశ్వత నివాసులు కాబట్టి, కానీ హైదరాబాద్ నుంచి ఆర్ట్ మాస్టర్స్‌కి రావాలనుకునే వాళ్ళకి పెద్ద దెబ్బే.

ప్రభుత్వం డబ్బు పెడితే దాని మాటే వినాలి కదా అని మావారు అడిగారు. ఓస్లో జాతీయ మ్యూజియం 2022లో కొత్త భవనంలోకి మారినప్పుడు లోపలికి అడుగు పెట్టగానే పుర్రెల తెర ఒకటి వేలాడుతూ కనిపించింది. ఉత్తరాన రెయిన్‌డీర్లు కాసే సామీ ఆదివాసుల కళాకారిణి మారెత్ ఆన్నె సారా చేసింది. రెయిన్‌డీర్ల మందను తగ్గించమని ప్రభుత్వం ఒత్తిడి చేస్తే ఆమె తమ్ముడు కోర్టుకెళ్ళాడు, 2017లో సుప్రీంకోర్టులో ఓడిపోయాడు. ఆ పుర్రెల్ని ఆమె పార్లమెంటు ముందు కూడా పెట్టింది. అదే ప్రభుత్వం నడిపే మ్యూజియం దాన్ని కొనుక్కుంది. మావారు చూసి ఏమీ అనలేదు. మా అబ్బాయి పుర్రెలకున్న తూటా రంధ్రాలు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు.

మార్చి 1 గడువు దాటింది. కళ శాఖే మొదటి కోరికగా వెళ్ళింది, రెండోది మావారు కోరిన మామూలు శాఖ. నా షరతు ఒకటి మాత్రం నిలబెట్టుకున్నాను: ఏ శాఖైనా మొదటి ఏడాది లెక్కల్లో తేలిక రకం కాకుండా, గట్టి రకం తీసుకోవాలి. దానికి మా అమ్మాయి ఒప్పుకుంటూ ఒక ఎదురు షరతు పెట్టింది, లెక్కల ట్యూషన్ ఉన్న సాయంత్రాల్లో వంటింటి బల్ల తన బొమ్మలకి వదిలెయ్యాలట. ఇప్పుడు ఆ రోజుల్లో మేం సోఫాలో కంచాలు ఒళ్ళో పెట్టుకుని తింటున్నాం. అమ్మకి ఆ సంగతి చెప్తే, "కూడు మీరే పెడతన్నారు కదా, ఇంక నాకు దిగులెందుకు" అంది.