కోరంగి మడ అడవికి పోటు చూసుకుని వెళ్ళండి: మా కాకినాడ ట్రిప్పు, నా అనుభవం

నిన్న పొద్దున గౌతమి దిగి ఇంటికొచ్చాం. చెప్పులకి అంటిన కోరంగి బురద ఇంకా వదల్లేదు. కోపం చల్లారకముందే రాసేస్తున్నాను. కాకినాడలో మకాం పెట్టుకుని మూడు రోజుల్లో ఆలుమగలు ఇద్దరు మడ అడవి, పక్షులు, పంచారామాల్లో రెండు, యానాం, ఉప్పాడ హాయిగా చూసి రావొచ్చు. మాకు రెండు రోజులు హాయిగానే గడిచాయి. మొదటి రోజు మాత్రం ట్రావెల్స్ వాడి చేతిలో పెట్టాం.

రైలు సంగతి తేలిక. రిజర్వేషన్ 2024 నవంబరు నుంచి 60 రోజుల ముందే తెరుస్తున్నారు. ఇదివరకటిలా నాలుగు నెలల ముందు చూస్తే ఏమీ కనిపించదు. హైదరాబాదు నుంచి గౌతమి నేరుగా కాకినాడ టౌనుకే వస్తుంది. అందులో దొరక్కపోతే సామర్లకోట దాకా తీసుకోండి. విశాఖ వెళ్ళే గోదావరి లాంటి బళ్ళు అక్కడ ఆగుతాయి, అక్కడి నుంచి కాకినాడ అరగంట. సంక్రాంతికి మాత్రం పెట్టుకోవద్దు. ఆ వారం గోదావరి జిల్లాలకి రైల్లో నిలబడే చోటు కూడా ఉండదు.

ఎప్పుడు వెళ్ళాలన్నది పక్షుల్ని బట్టి చూసుకోవాలి. వలస పక్షులు నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఉంటాయి. కానీ నవంబరులో, డిసెంబరు మొదట్లో వాయుగుండం పడిందంటే బోట్లు కట్టేస్తారు. ఆ తీరానికి ఆ భయం ఊరికే లేదు. రంగూన్‌కి ఓడలు వెళ్ళిన కోరంగి రేవుని 1839 నవంబరు తుఫాను ఊడ్చేసింది. బర్మాలో మనవాళ్ళని 'కోరంగీలు' అని పిలిచింది ఈ ఊరి పేరు మీదే. ఇప్పుడు చూస్తే రోడ్డు పక్కన మామూలు పల్లె. మొత్తానికి జనవరి చివరి వారం నుంచి ఫిబ్రవరి చివరి దాకా మంచి అదను. పులస తిందామని వరదల కాలంలో వెళ్ళేవాళ్ళకి పులస దొరుకుతుందేమో గానీ వలస పక్షులు దొరకవు. రెండూ ఒకే ట్రిప్పులో కుదరవు.

హోటల్ దగ్గర ఒక హెచ్చరిక. మా ఆవిడ ఆధార్‌లో పుట్టింటి ఇంటిపేరే ఉంది. కౌంటర్లో కుర్రాడు కార్డుని రెండుసార్లు తిప్పి చూసి, మా వెనకాల ఇద్దరు నిలబడి ఉండగా, "మ్యారేజ్ సర్టిఫికెట్ ఉందా సార్?" అన్నాడు. మేజర్లయిన ఇద్దరు ఒక గదిలో దిగకూడదనే చట్టం ఏదీ లేదు, 2019లో మద్రాసు హైకోర్టు కూడా పెళ్ళికాని జంట హోటల్ గదిలో ఉండటం నేరం కాదంది. అయినా రాత్రంతా రైల్లో కూర్చుని వచ్చి పొద్దున ఏడింటికి కౌంటర్ ముందు హైకోర్టు గురించి మాట్లాడే ఓపిక ఎవరికుంటుంది? సర్టిఫికెట్ ఫొటో ఒకటి ఫోన్లో పెట్టుకోండి. గది బుక్ చేసేటప్పుడే ఫోన్ చేసి "ఇంటిపేర్లు వేరు, పర్వాలేదు కదా" అని అడిగేయండి.

ఇక అసలు సంగతి.

హైదరాబాదులో ఒక ట్రావెల్స్ వాడి దగ్గర 'కపుల్ ప్యాకేజీ' తీసుకున్నాం. రంగుల కాగితం మీద ఆదివారం ఎదురుగా ఇలా ఉంది: మూడింటికి మడ అడవిలో బోటు షికారు, నాలుగున్నరకి కాకినాడ ఎదురుగా సముద్రంలో ఉన్న హోప్ ఐలాండ్‌లో తాబేళ్ళు, ఆరింటికి తిరుగు ప్రయాణం. ఆ ఆదివారం మాఘ పౌర్ణమి. ఆ రెండు ముక్కలూ పక్కపక్కన పెట్టి చూస్తే కోరంగి పిల్లాడైనా నవ్వుతాడు. మేం నవ్వలేదు, డబ్బు కట్టాం.

మూడు కావస్తుండగా చేరాం. చెక్కబాట చివర రేవు దగ్గర బోట్లు వరసగా ఉన్నాయి, కానీ నీళ్ళ మీద లేవు. ఒక పక్కకి ఒరిగి బురద మీద కూర్చున్నాయి. పాయ మధ్యలో గేదె మడుగంత నీరు మిగిలింది. నేను కాగితం తీసి బోటాయనకి చూపించాను, దాన్ని చూసి సముద్రం వెనక్కి వస్తుందన్నట్టు. ఆయన కాగితం వైపు చూడనే లేదు. "పాటు మీదుందండి. పొద్దున తొమ్మిదింటికి నిండిందండి, మళ్ళీ రాత్రి తొమ్మిదికి గానీ నిండదండి. ఇప్పుడు ఏస్తే మధ్యలో దిగి మీరే తొయ్యాలండి, ఆయ్" అన్నాడు. పక్కన సెల్ఫీలు దిగుతున్న కుర్రాళ్ళు గొల్లుమన్నారు. ట్రావెల్స్ వాడికి ఫోన్ చేస్తే, "నీళ్ళు లేకపోవడం మా కంట్రోల్లో లేదు కదా సార్" అన్నాడు. నిజమే, చంద్రుడి కంట్రోల్లో ఉంది. కానీ చంద్రుడు ఎప్పుడేం చేస్తాడో ఏడాది ముందే అచ్చేసి పెడతారు కదా.

ఆ సాయంత్రం బోటాయన దగ్గర కూర్చుని నేర్చుకున్నదీ, తర్వాత సరిచూసుకున్నదీ ఇది. సముద్రం పెరగడం పోటు, తగ్గడం పాటు. రోజుకి రెండు పోట్లు, రెండు పాట్లు. ఒక పోటుకీ తర్వాతి పోటుకీ మధ్య సుమారు పన్నెండు గంటల పాతిక నిమిషాలు. అంటే ప్రతి పోటూ మర్నాటికి ఓ యాభై నిమిషాలు ఆలస్యమవుతుంది. ఈ రోజు పదింటికి పోటయితే మూడు రోజుల తర్వాత ఇంచుమించు పన్నెండున్నరకి. అమావాస్య, పౌర్ణమి వేళ నీరు బాగా ఎక్కుతుంది, అంతగానూ దిగిపోతుంది. ఈ తీరంలో ఆ తేడా మీటరు దాటుతుంది. అష్టమి ప్రాంతాల్లో అందులో సగం కూడా ఉండదు. కాబట్టి పౌర్ణమి నాడు పాటు వేళ వెళ్ళడమంత తెలివితక్కువ పని ఇంకోటి లేదు. పాయలు అన్నిటికంటే ఎక్కువగా ఎండేది అప్పుడే.

ఇంకో కిటుకు: పోటు వేళలు పక్షానికొకసారి మళ్ళీ ఇంచుమించు అక్కడికే వస్తాయి. ఈ పౌర్ణమికి తొమ్మిదింటికి నిండితే వచ్చే అమావాస్యకీ ఆ చుట్టుపక్కలే. గోడ క్యాలెండర్లో తిథి చూసుకుంటే చాలు, వేళ అంచనాకి వచ్చేస్తుంది. కచ్చితంగా కావాలంటే హైదరాబాదులోనే ఉన్న ఇన్‌కాయిస్ (కేంద్ర ప్రభుత్వ సముద్ర సమాచార కేంద్రం) వాళ్ళ వెబ్‌సైట్‌లో తీరప్రాంతాల పోటు పట్టికలు ఉంటాయి, కాకినాడది చూడండి. అందులో ఉండేది సముద్రం ఒడ్డున లెక్క. పాయల్లోకి నీరు ఎక్కడానికి ఇంకాస్త సేపు పడుతుంది, ఆ ఆలస్యం ఎంతో బోటు వాళ్ళనే అడగాలి.

పోటు నిండాక వెళ్ళడమూ దండగే. నీరు నిండితే బురద కనపడదు, బురద కనపడకపోతే దాని మీద మేసే పక్షులూ కనపడవు. కావాల్సింది నీరు ఎక్కుతున్న వేళ. పోటుకి మూడు గంటల ముందు చేరండి. మొదట చెక్కబాట మీద నడవండి, బురద ఇంకా తేలి ఉంటుంది. నీరు ఎక్కేకొద్దీ కొంగలూ ఉల్లంకులూ ఒడ్డుకి జరుగుతూ దగ్గరికొస్తాయి. పోటుకి గంటన్నర ముందు బోటెక్కండి. ఎక్కుతున్న నీటిలో బోటు పొరపాటున నేల తగిలినా నీరే లేపుతుంది. దిగుతున్న నీటిలో తగిలిందా, మళ్ళీ పోటు దాకా అక్కడే.

మంగళవారం అలాగే చేశాం. సొంతంగా కారు మాట్లాడుకుని, జగన్నాథపురం వంతెన దాటి యానాం రోడ్డు మీద ఎనిమిదింటికల్లా చేరాం. కాకినాడ నుంచి ఇరవై కిలోమీటర్ల లోపే. చెక్కబాట పక్కన మడచెట్ల చుట్టూ శ్వాసవేర్లు వేలకొద్దీ పెన్సిళ్ళు గుచ్చినట్టు నిలబడి ఉన్నాయి. వాటి మధ్య బురద మీద మడ్‌స్కిపర్ అనే చేప, వేలెడంత ఉంటుంది, ముందు రెక్కల మీద మోచేతులు ఆనించినట్టు లేచి, పైకి పొడుచుకొచ్చిన గుడ్లతో మమ్మల్ని చూసి, టపుక్కున గెంతింది. పక్కనే ఒక డెక్క ఒంటికంటే పెద్దదిగా ఉన్న మగపీతలు దాన్ని ఎత్తుతూ దించుతూ ఎవర్నో పిలుస్తున్నాయి. మా ఆవిడ అక్కడే ముప్పావుగంట నిలబడిపోయింది. పౌర్ణమి మధ్యాహ్నమూ ఇవి ఉండే ఉంటాయి, ఆ రోజు కోపంలో నేను బోట్లనే చూశాను.

బోటులో గంట తిరిగాం. లకుముకి పిట్టలు, నీటికాకులు, నారాయణ పక్షులు, పైన గరుడ గద్దలు. పాయ మలుపులో రెండు నీటికుక్కలు తలలు పైకెత్తి మమ్మల్ని చూసి మునిగిపోయాయి. కోరంగికి పేరు తెచ్చిన బావురుపిల్లి (ఫిషింగ్ క్యాట్) కనపడుతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. అది ఎక్కువగా రాత్రి తిరిగే జంతువు, బురద మీద అడుగుజాడ కనపడితే అదే అదృష్టం. తాబేళ్ళ సంగతీ అంతే. ఆలివ్ రిడ్లేలు జనవరి నుంచి మార్చి దాకా హోప్ ఐలాండ్ ఇసుకలో గుడ్లు పెట్టే మాట నిజం, కానీ పెట్టేది రాత్రిపూట. పట్టపగలు నాలుగున్నరకి తాబేళ్ళని చూపిస్తానన్నవాడు ఏ మార్కెట్లోవి చూపిద్దామనుకున్నాడో.

వెంట తీసుకెళ్ళాల్సినవి: బైనాక్యులర్ ఉంటే 8×42. 10 రెట్లది బోటు ఊపుకి నిలవదు. దోమల క్రీము, టోపీ, స్టీలు సీసాలో నీళ్ళు, జారని చెప్పులు. కొమ్మలు విరవకండి. మడలో తిల్ల చెట్టు ఉంటుంది, దాని పాలు కంట్లో పడితే కళ్ళు మండి చూపుకే ప్రమాదం. ఆదివారం మాత్రం వద్దు. పుష్య మాసం చివర వచ్చే చొల్లంగి అమావాస్య నాడు అసలే వద్దు, స్నానాలకొచ్చే జనంతో ఆ రోడ్డు కదలదు.

మిగతాది చకచకా అయిపోయింది. కోరంగి నుంచి అదే రోడ్డు మీద యానాం. 1954 దాకా ఫ్రెంచివాళ్ళది, ఇప్పుడు పుదుచ్చేరిది. గోదావరి గట్టున గంట కూర్చుంటే చాలు. అక్కడి మందు సీసాలు కారులో వేసుకు రాకండి, సరిహద్దు దాటాక పట్టుకుంటారు. అటునుంచి ద్రాక్షారామం. గుడి మధ్యాహ్నం మూసేస్తారు, నాలుగు దాటాక చేరేలా చూసుకోండి. భీమేశ్వరుడి లింగం రెండంతస్తుల ఎత్తు, పై అంతస్తుకి ఎక్కి దర్శనం చేసుకోవాలి. సామర్లకోట కుమారారామంలోనూ అంతే. సామర్లకోటని సోమవారం పొద్దున పిఠాపురం, ఉప్పాడలతో కలిపి చూశాం. ఉప్పాడ బీచ్ రోడ్డుకీ పోటు లెక్కే. పున్నమి పోటు వేళ అలలు రాళ్ళు దాటి రోడ్డు మీద పడతాయి. మేం పాటు వేళ మూడింటికి వెళ్ళాం, రోడ్డు పొడిగా ఉంది. ఉప్పాడలో జాందానీ చీర కొనేటప్పుడు వెనక్కి తిప్పి చూడండి. చేత్తో వేసిన బుటా వెనక కూడా శుభ్రంగా ఉంటుంది, తెగిన దారాలు వేలాడవు. మా ఆవిడ తిప్పి చూసినవి పద్నాలుగు, కొన్నది ఒకటి.

భోజనం సుబ్బయ్య గారి హోటల్లో. పన్నెండున్నర లోపు వెళ్ళండి, తర్వాత కుర్చీ వెనకాల నిలబడి ఎదుటివాడి పెరుగన్నం ఎప్పుడవుతుందా అని చూడాల్సొస్తుంది. కాజాలు రైలెక్కే రోజు సాయంత్రమే కొనండి, ముందే కొంటే గదిలోనే అయిపోతాయి. మాకు అయిపోయాయి.

ట్రావెల్స్ వాడు బోటు డబ్బులు ఇంకా వెనక్కివ్వలేదు. నిన్న సాయంత్రం మాత్రం 'మా సర్వీసుకి ఐదు స్టార్లు ఇవ్వండి' అని మెసేజ్ పెట్టాడు. జవాబుగా వచ్చే పౌర్ణమి దాకా కాకినాడ పోటు పట్టిక పంపించాను. రెండు నీలం టిక్కులు పడ్డాయి. అంతే, మళ్ళీ ఉలుకూ లేదు పలుకూ లేదు.