బ్యారేజీ ఎగువ స్పీడ్ బోట్ల మోత: ఐదు నెలల నా అనుభవం

నిన్న ఆదివారం సాయంత్రం విజయవాడ భవానీపురంలో మా డాబా మీద కూర్చుని మామూలు గొంతుతో మాట్లాడుకోగలిగాం. ఇందుకు ఐదు నెలలు పట్టింది. మధ్యలో నాకు తగిలిన దెబ్బ ఇంకొకరికి తగలకూడదని వెంటనే రాస్తున్నాను.

ప్రకాశం బ్యారేజీ దగ్గర 12 అడుగుల నీళ్ళు నిలబెడతారు కాబట్టి ఎగువన కృష్ణ చెరువులా ఉంటుంది. చెట్టూ గోడా అడ్డులేని నీటి మీద మోత చాలా దూరం పాకుతుంది. నీటిని ఆనుకున్న గాలి చల్లగా, పైగాలి వేడిగా ఉంటే పైకి పోవాల్సిన శబ్దం కూడా ఒడ్డు మీదికే వంగుతుంది.

సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ ఇచ్చి రశీదు తీసుకోవడం ఒక పూటలో అయిపోయింది.

అసలు చిక్కంతా కొలతల దగ్గరే. అర్జీ చేరిన కార్యాలయానికి వెళ్ళి ఫోన్ యాప్‌లో మోత 78 డెసిబెల్స్ అని చూపించాను. “సెల్లు లెక్కలు ఇక్కడ చెల్లవండీ, ముందు రూల్సు చదువుకుని రండి” అంటూ అక్కడి అధికారి పదిమంది ముందు నా కాగితం పక్కకు తోసేశారు. యాప్ చెల్లదన్నది నిజమే. ఫోన్ మైకు మాటల కోసం చేసింది, పెద్ద మోతను దానంతట అదే తగ్గించేస్తుంది, ఒక్కో ఫోన్‌లో ఒక్కో అంకె వస్తుంది. కానీ అర్జీ పట్టుకొచ్చిన మనిషికి కుర్చీ చూపించి ఆ రూలేదో చెబితే ఆయనకు పోయేదేముంది?

తర్వాత వాళ్ళే ఒక బుధవారం మధ్యాహ్నం వచ్చి గంటసేపు కొలిచారు. సగటు 58 వచ్చింది. నివాస ప్రాంతంలో ఉదయం 6 నుంచి రాత్రి 10 వరకు పరిమితి 55 డెసిబెల్స్. దాటింది కదా అంటే, ఫిర్యాదు నిలవాలంటే పరిమితి మీద కనీసం 10 ఎక్కువుండాలన్నారు. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల్లో ఏడోది తీసి చూశాను, అలాగే ఉంది. అంటే 65 కావాలి.

కిటుకు గంట సగటులో ఉంది. ఇది అంకెల మామూలు సగటు కాదు, శబ్దశక్తి సగటు; పెద్ద మోత కొద్దిసేపున్నా అంకెను పైకి లాగుతుంది. బోటు పోతున్నప్పుడు 71, లేనప్పుడు 52 అనుకోండి. గంటలో బోటు మోత రెండు నిమిషాలే ఉంటే సగటు 58 దాటదు. అదే ఇరవై నిమిషాలుంటే 66 అవుతుంది. బుధవారం గంటకు ఒకటో రెండో ట్రిప్పులు, ఆదివారం సాయంత్రం ఊపిరాడనన్ని. తనిఖీకి ఏ రోజు, ఏ గంట రావాలో అర్జీలోనే రాయండి. నేను రాయక రెండు నెలలు పోగొట్టుకున్నాను.

ఈసారి ఒక కాలేజీ ల్యాబ్ నుంచి క్లాస్ 2 (కచ్చితత్వం తరగతి) సౌండ్ మీటరు, అది సరిగ్గా కొలుస్తుందని చెప్పే కాలిబ్రేషన్ సర్టిఫికెట్ తెచ్చాను. మీటరులో ‘ఎ’ వెయిటింగ్ పెట్టాలి, అంటే మనిషి చెవి వినే తీరుకు సరిపెట్టే సెట్టింగ్. మైకుకు స్పాంజి బంతి తొడగాలి, లేకపోతే నది గాలే శబ్దంగా లెక్కకొస్తుంది. నేల నుంచి మీటరున్నర ఎత్తులో, గోడకు మూడున్నర మీటర్ల దూరంలో స్టాండు మీద నిలబెట్టాలి. కొలిచే ముందూ తర్వాతా 94 డెసిబెల్స్ కాలిబ్రేటరుతో (కచ్చితంగా అంత శబ్దమే ఇచ్చే పరికరం) సరిచూసి, రెండు అంకెలూ రాసుకోవాలి. మూడు ఆదివారాలు కొలిస్తే 66, 67, 66 వచ్చాయి.

ఆ కాగితాలతో ఆర్డీవోకు నాగరిక సురక్షా సంహిత (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) సెక్షన్ 152 కింద అర్జీ పెట్టాను. ప్రజలకు ఇబ్బంది కలిగించేదాన్ని ఆపమని మెజిస్ట్రేటుగా ఆయన షరతుతో ఉత్తర్వు ఇవ్వొచ్చు. నోటీసు వెళ్ళాక బోట్ల తనిఖీ జరిగింది. రెండింటికి సైలెన్సర్ తుప్పుపట్టి, బొటనవేలు పట్టేంత చిల్లులు పడ్డాయి. మూడోదానికి సైలెన్సరే పీకేసి ఉత్త గొట్టం వదిలేశారు. ఇంజిన్ మూత లోపలి స్పాంజి ఎప్పుడో ఊడిపోయింది. పొగలో నీళ్ళు కలిపి బయటికి వదిలే రకం సైలెన్సర్లు వేయించారు. రేవుకు రెండొందల మీటర్ల లోపు ఫుల్ రేజ్ ఇవ్వొద్దని సరంగులకు చెప్పారు.

నిన్న సాయంత్రం ఐదు నుంచి ఆరు వరకు కొలిచాను. 57. ఇంకా రెండు ఎక్కువే ఉంది, అందుకే మీటరు తిరిగి ఇవ్వలేదు.