మంగళగిరిలో క్యాసెట్ తిప్పేదాన్ని

మంగళగిరి స్టేషన్ వచ్చేసరికి మొదటి వైపు అయిపోయేది. కిటికీలోంచి పానకాల స్వామి కొండ కనిపిస్తుండగా వాక్‌మన్ టక్కున ఆగేది. ఒళ్ళో ఉన్న క్యారేజీ పక్కన పెట్టి, మూత తీసి, క్యాసెట్ తిప్పి మళ్ళీ బటన్ నొక్కేదాన్ని. నంబూరు, పెదకాకాని దాటి గుంటూరులో దిగేలోపు రెండో వైపు కూడా అయిపోయేది. 1993 నుంచి 1998 దాకా సీజన్ టికెట్ మీద విజయవాడ నుంచి గుంటూరుకి ఉద్యోగానికి తిరిగాను. ఆ అయిదేళ్ళూ అమెరికన్ రాక్ గాయకుడు టామ్ పెట్టీ నాతోపాటు లేడీస్ పెట్టెలో ప్రయాణం చేశాడు. పక్కన కూర్చున్న టీచర్లు చిక్కుడుకాయలు ఒలుచుకుంటూ, "ఏం వింటావమ్మా రోజూ అదే?" అని అడిగేవాళ్ళు. ఒకరిద్దరికి ఇయర్‌ఫోన్ ఇచ్చి వినిపించాను కూడా.

బతికి ఉంటే ఈ అక్టోబరు 20కి ఆయనకి 75 ఏళ్ళు నిండేవి. వారం రోజులుగా ఇంట్లో ఆ పాటలే మోగుతున్నాయి, అందుకే ఇది రాయాలనిపించింది.

మా అన్నయ్య 1991 ఆగస్టులో ఎం.ఎస్. చదవడానికి ఫ్లోరిడాలోని గెయిన్స్‌విల్ వెళ్ళాడు. మేముండేది సత్యనారాయణపురంలో. ఫోన్ అంటే ఖర్చు కాబట్టి అంతా ఉత్తరాల మీదే నడిచేది. మొదటి ఉత్తరంలో "ఇక్కడ కూడా మన బెజవాడలాగే ఉక్కపోత, మా యూనివర్సిటీ చెరువులో మొసళ్ళు ఉన్నాయి" అని రాశాడు. అమ్మ ఆ రెండు రోజులూ అన్నం సరిగ్గా తినలేదు. రెండో ఉత్తరంలో మొసళ్ళ ఊసు లేదు. ఉత్తరం నిండా ఒక పాటగాడి సంగతే. ఈ ఊళ్ళోనే పుట్టి పెరిగాడట, కొన్నాళ్ళు తమ యూనివర్సిటీలోనే తోటపని చేశాడట, ఇప్పుడు ఏ రేడియో పెట్టినా ఆయన పాటేనట.

అన్నయ్య రాసిన వాటిలో నాన్నకి బాగా నచ్చింది పంగలకర్ర కథ. 1961లో, టామ్ పెట్టీకి పదేళ్ళప్పుడు, దగ్గర్లోని ఓకలాలో రాక్ గాయకుడు ఎల్విస్ ప్రెస్లీ సినిమా షూటింగ్ జరిగింది. వాళ్ళ చుట్టం ఒకాయన ఆ షూటింగ్‌లో పనిచేస్తుంటే ఈ పిల్లాణ్ణి చూపించడానికి తీసుకెళ్ళారు. ఎల్విస్‌ని చూసి ఇంటికొచ్చాక, తన పంగలకర్ర ఒక స్నేహితుడికి ఇచ్చేసి, బదులుగా అతని దగ్గరున్న ఎల్విస్ రికార్డులు తెచ్చుకున్నాడు. నాన్న చిన్నప్పుడు పల్లెటూళ్ళో పంగలకర్రతో మామిడికాయలు కొట్టినవాడు. "పంగలకర్రే ఇచ్చేశాడా!" అని ఆ ఉత్తరం రెండుసార్లు చదివించుకున్నాడు. ఇంగ్లిష్ పాట ఒక్కటీ వినకుండానే నాన్నకి ఆ పిల్లాడి మీద గౌరవం కుదిరింది.

1993 సంక్రాంతికి అన్నయ్య వచ్చాడు. నాకు ఒక వాక్‌మన్, రెండు క్యాసెట్లు తెచ్చాడు. ఒకటి 1989లో వచ్చిన 'ఫుల్ మూన్ ఫీవర్', రెండోది 1991 నాటి 'ఇంటూ ది గ్రేట్ వైడ్ ఓపెన్'. నిజం చెప్పాలంటే మొదటి వారం నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. ఘంటసాల గారి పాటలు మోగే ఇల్లు మాది. ఆ గొంతు విన్న చెవికి ఇది ముక్కుతో మాట్లాడినట్టు అనిపించింది. అన్నయ్య గీతల కాగితాల మీద పాటలన్నీ చేత్తో రాసిచ్చి వెళ్ళాడు. ఆ కాగితాలు ముందు పెట్టుకుని వింటే అప్పుడు పట్టుబడింది. పదో తరగతి ఇంగ్లిష్ వచ్చినవాళ్ళకి కూడా తెలిసే మాటలు. ఆ మాటలు పాడే మనిషి వీధరుగు మీద కూర్చుని, మనం వింటున్నామని తెలిసి, గొంతు పెంచకుండా చెబుతున్నట్టుంటాడు. నెల తిరిగేసరికి ఆ ముక్కు గొంతు వినకపోతే నాకు రైలు ప్రయాణం సాగేది కాదు.

మా అమ్మకి మాత్రం అల్లం వల్ల ఇష్టమయ్యాడు. 'ఫుల్ మూన్ ఫీవర్' క్యాసెట్లో రెండో పాట 'ఐ వోంట్ బ్యాక్ డౌన్'. వెనక్కి తగ్గేది లేదు అని అర్థం. 1987 మేలో ఎవరో ఆయన ఇంటికి నిప్పు పెట్టారు. భార్యాబిడ్డలతో ప్రాణాలతో బయటపడ్డాడు గానీ ఇల్లు బూడిదయింది. ఆ తర్వాత వచ్చిన పాట ఇది. చాలావరకు ఈ ఆల్బమ్ రికార్డు చేసింది తన గిటారిస్టు మైక్ క్యాంప్‌బెల్ ఇంటి గ్యారేజీలో. ఈ పాట పాడాల్సిన రోజు టామ్ పెట్టీకి విపరీతమైన జలుబు. బీటిల్స్ బ్యాండులో వాయించిన జార్జ్ హారిసన్ ఆ పాటకి గిటార్ వాయించడానికి వచ్చి ఉన్నాడు. ఆయనే బయటికెళ్ళి అల్లం కొనుక్కొచ్చి, నీళ్ళలో మరగబెట్టి, ఈయన చేత ఆవిరి పట్టించాడు. ముక్కు తెరుచుకోగానే వెళ్ళి పాడేశాడు. టామ్ పెట్టీ తనే ఈ సంగతి చెప్పుకున్నాడు.

అన్నయ్య ఇది చెబుతుంటే అమ్మ వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "అల్లం ఆవిరి పట్టాడా? ఏదీ, ఆ పాట పెట్టు" అంది. మొత్తం విని, "జలుబు ఏమాత్రం తెలియట్లేదు రా" అంది. అప్పటినుంచి మా ఇంట్లో అది జలుబు పాట. ఎవరికి పడిశం పట్టినా అమ్మ ఒక పక్క నీళ్ళు మరగబెడుతూ ఇంకో పక్క ఆ పాట పెట్టమనేది. ఇప్పటికీ అంటుంది.

నేను ఆయన్ని మనిషిగా ఇష్టపడటం మొదలుపెట్టింది ఇంకో సంగతి వల్ల. 1981లో 'హార్డ్ ప్రామిసెస్' ఆల్బమ్ విడుదలకు ముందు కంపెనీ దాన్ని మామూలు 8.98 డాలర్లకి బదులు 9.98కి అమ్మాలనుకుంది. ఈయన ఒప్పుకోలేదు. పెంచితే ఆల్బమ్ పేరే ఆ పాత ధర పెడతానన్నాడు. చివరికి కంపెనీయే తగ్గింది. ఒక్క డాలరే కదా అనుకోవచ్చు. నెల జీతంలో సీజన్ టికెట్టు, ఇంట్లో ఇవ్వాల్సింది పోగా మిగిలిన డబ్బుల్లో ఖాళీ క్యాసెట్ కొనాలా వద్దా అని షాపు ముందు నిలబడి ఆలోచించినదాన్ని నేను. ఆ ఒక్క డాలరు ఎవరి జేబులోంచి వస్తుందో ఆయనకి తెలుసు. ఆ ఆల్బమ్ అట్ట మీద ఆయన రికార్డుల షాపులో నిలబడి ఉన్న ఫోటో ఉంటుంది. ఆ బొమ్మ చూసినప్పుడల్లా, కౌంటర్‌కి ఇవతల మన పక్కన నిలబడ్డ మనిషి అనిపిస్తుంది.

ఇక బ్రాడీపేట అన్నయ్య గురించి. మా అన్నయ్యకి ఇంజనీరింగ్‌లో క్లాస్‌మేట్. గుంటూరు బ్రాడీపేటలో ఇల్లు. నేనూ అన్నయ్యా అనే పిలుస్తాను, ఇద్దరన్నయ్యలు కలవకుండా ముందు ఊరు చేర్చాను. ఆయన దగ్గర సీడీ ప్లేయర్ ఉండేది. 1994 నవంబరులో వచ్చిన 'వైల్డ్‌ఫ్లవర్స్' సీడీ మా అన్నయ్య ఎవరితోనో పంపితే 1995 వేసవిలో ఆయనకి చేరింది. నా దగ్గర సీడీ ప్లేయర్ లేదు. బ్రాడీపేట అన్నయ్య ఆ సీడీని రికార్డింగ్ షాపుకి తీసుకెళ్ళి నాకోసం క్యాసెట్ చేయించాడు. షాపులో ఆ రోజు 90 నిమిషాల క్యాసెట్లు లేవు. 60 లో చేసిచ్చారు.

ఆ ఆల్బమ్‌లో 15 పాటలు, మొత్తం 60 నిమిషాలు దాటుతుంది. మొదటి ఏడు పాటలూ ఒక వైపు సరిగ్గా సరిపోయాయి. రెండో వైపు ఎనిమిది. చివరి పాట 'వేక్ అప్ టైమ్' పియానోతో మొదలై, రెండు నిమిషాలు పాడాక టేపు అయిపోయేది. మాట మధ్యలో. ఏడేళ్ళ పాటు ఆ పాట నాకు ఆ రెండు నిమిషాలే. అడిగితే బ్రాడీపేట అన్నయ్య సీడీ పెట్టి వినిపించేవాడే. నేనే అడగలేదు. ఎందుకో ఆ ఆగిపోయిన చోటు కూడా పాటలో భాగమే అనిపించేది.

ఆయన ఆల్బమ్‌లన్నిటిలోకీ నాకు ఇదే గొప్పది. 'ఫుల్ మూన్ ఫీవర్' సంతోషంగా ఉన్నప్పుడు వినేది. 'వైల్డ్‌ఫ్లవర్స్' మాత్రం ఎప్పుడైనా వినొచ్చు. నాకు పెళ్ళి సంబంధాలు చూస్తూ, ఒక్కోటీ తప్పిపోతూ, ఇంట్లో ఎవరూ సరిగ్గా మాట్లాడుకోని రోజుల్లో రాత్రిళ్ళు డాబా మీద పడుకుని అదే వినేదాన్ని. ఎవరి బాధనూ పెద్దది చేసి చూపించదు, తొందరగా మానిపించాలనీ చూడదు. మొదటి పాటని ఆయన కూర్చుని రాయలేదు. గిటార్ పట్టుకుని, టేపు ఆన్ చేసి పాడుతూ పోతే మొదటినుంచి చివరిదాకా అలాగే వచ్చేసిందట. తర్వాత నమ్మలేక ఆ టేపే మళ్ళీమళ్ళీ విన్నాడట, ఎక్కడ సరిచేయాలో అని. సరిచేయడానికి ఏమీ దొరకలేదు. బ్రాడీపేట అన్నయ్య ఇది చెప్పేటప్పుడు ప్రతిసారీ గొంతు తగ్గిస్తాడు, గుళ్ళో మాట్లాడినట్టు.

2002లో మా ఇంట్లో కంప్యూటర్ కొన్నాం. అప్పటికి నాకు పెళ్ళయి, పాప పుట్టి, ఉద్యోగం విజయవాడకే మారింది. అన్నయ్య వచ్చినప్పుడు తన సీడీలన్నీ నాకిచ్చేసి వెళ్ళాడు. ఒక ఆదివారం ఉదయం 'ఫుల్ మూన్ ఫీవర్' పెట్టి దోసెలు వేస్తున్నాను. అయిదో పాట అయింది. మంగళగిరి వచ్చింది అనుకున్నాను, అలవాటు. అప్పుడు పాట కాకుండా మాట వినిపించింది. టామ్ పెట్టీ మాట్లాడుతున్నాడు. సీడీ వింటున్నవాళ్ళని పలకరించి చెబుతున్నాడు: క్యాసెట్లో, రికార్డులో వింటున్నవాళ్ళు ఇప్పుడు లేచి రెండో వైపుకి తిప్పుకోవాలి, వాళ్ళకి న్యాయం చేయాలి కాబట్టి కొన్ని క్షణాలు ఆగుదాం అని. అన్నట్టే ఆగాడు. థాంక్స్ చెప్పి, ఇదిగో రెండో వైపు అన్నాడు. ఆరో పాట మొదలైంది.

ఆ మాటలు సీడీలోనే ఉన్నాయి, క్యాసెట్లో లేవు. క్యాసెట్ వాళ్ళకి అవసరం లేదు కదా, వాళ్ళు నిజంగానే తిప్పుకుంటూ ఉంటారు. నేను లేడీస్ పెట్టెలో క్యారేజీ పక్కన పెట్టి, మూత తీసి, క్యాసెట్ తిప్పుతున్న ఆ అయిదేళ్ళూ, ఎక్కడో డబ్బున్న ఇళ్ళల్లో సీడీ వింటున్నవాళ్ళని ఆయన నా కోసం ఆపి ఉంచాడు. స్టవ్ కట్టేసి వెళ్ళి ఆ ముక్క మళ్ళీ పెట్టాను. మళ్ళీ పెట్టాను. మావారు వచ్చి "ఏమైంది, ఎందుకు ఏడుస్తున్నావు?" అని అడిగారు. చెబితే ఆయన కూడా కూర్చుని విన్నారు.

2017 దసరా ఇంకా బాగా గుర్తుంది. నవరాత్రుల్లో, సెప్టెంబరు 25 రాత్రి అక్కడ లాస్ ఏంజెలస్ హాలీవుడ్ బౌల్‌లో ఆయన ఆఖరి కచేరీ జరిగింది. ఆయన బ్యాండుకి 40 ఏళ్ళయిన సందర్భంగా చేసిన యాత్ర అది, 53 కచేరీలు. తుంటి ఎముక చిట్లి ఉన్నా అన్నీ నిలబడి పూర్తిచేశాడు. ఆ నొప్పికి వాడిన మందులే ప్రాణం మీదికి తెచ్చాయని తర్వాత తెలిసింది. గాంధీ జయంతి రోజు అర్ధరాత్రి దాటాక బ్రాడీపేట అన్నయ్య ఫోన్ చేశాడు, పోయాడంటున్నారమ్మా అని. కాసేపటికి అన్నయ్య అమెరికా నుంచి చేసి, లేదు, ఇంకా ఉన్నాడట, వార్త తప్పట అన్నాడు. తెల్లవార్లూ ముగ్గురం అటూ ఇటూ ఫోన్లు చేసుకుంటూనే ఉన్నాం. దేవుడి దగ్గర దీపం కూడా పెట్టాను. మర్నాడు పొద్దున నేను ఆఫీసుకి బయల్దేరే వేళకి, అక్కడ అక్టోబరు 2 రాత్రి, వెళ్ళిపోయాడు. 66 ఏళ్ళు.

ఆ నెల నుంచే గెయిన్స్‌విల్‌లో యూనివర్సిటీ ఫుట్‌బాల్ మ్యాచ్ జరిగినప్పుడల్లా, ఆట చివరి భాగం మొదలయ్యే ముందు స్టేడియం మొత్తం జలుబు పాట పాడుతుంది. ఒకసారి అన్నయ్య పిల్లల్ని తీసుకుని వెళ్ళి, అక్కడినుంచి ఫోన్ పైకెత్తి పట్టుకున్నాడు. అమ్మ చెవి దగ్గర పెట్టుకుని విని, "ఇంతమందికీ జలుబు పాట వచ్చా!" అంది.

ఈ నెల 20 సాయంత్రం బ్రాడీపేట అన్నయ్య, వదిన మా ఇంటికి వస్తున్నారు. పాత టూ-ఇన్-వన్‌కి బెల్టు వేయించి, హెడ్ తుడిపించి తెచ్చాను, బాగానే తిరుగుతోంది. అమ్మ ముందే చెప్పింది, జలుబు పాట మొదట పెట్టాలని. తర్వాత 60 నిమిషాల క్యాసెట్లో 'వైల్డ్‌ఫ్లవర్స్' రెండో వైపు. చివరి పాట రెండు నిమిషాల దగ్గర ఆగిపోతుంది కదా, అక్కణ్ణుంచి మిగిలిన మూడు నిమిషాలూ వీడియో కాల్‌లో తను పెడతానన్నాడు అన్నయ్య. వాళ్ళకి అప్పుడు తెల్లవారుజాము, అలారం పెట్టుకుంటానన్నాడు.