జెర్రిపోతుకి ఫ్యాన్స్

"కర్ర తేరా!" అని ఒకళ్లు, "కొట్టకండ్రా, జెర్రిపోతురా అది" అని బాబాయ్. పొద్దున్నే గడ్డివాము దగ్గర ఒకటే గోల. పాము మనిషి పొడవుకి మించే ఉంది. మింగుతున్న ఎలుక తోక ఇంకా నోటి బయట ఆడుతోంది.

ఫోటో తీసి, విదేశంలో పాములు పెంచే ఫ్రెండుకి పంపాను. "అదృష్టవంతుడివిరా" అన్నాడు!

అక్కడ మన జెర్రిపోతు లాంటి ఆసియా ర్యాట్ స్నేకులంటే పడి చస్తారట. వియత్నాం రకానికి ముక్కు మీద కొమ్ము ఉంటుంది. పిల్లప్పుడు బూడిద రంగు, పెరిగాక ఆకుపచ్చ. తైవాన్ బ్యూటీ స్నేక్ రెండు మీటర్లకి చేరుతుంది. విషం ఉండదు, గుడ్లు ఇంట్లోనే పొదిగించుకోవచ్చు. ఇంకేం కావాలి, పిచ్చోళ్లకి!

మన జెర్రిపోతుని పెంచుకోవడం మాత్రం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. అయినా పెంచడమెందుకు? వరి చేలో అద్దె లేకుండా ఉంటూ, ఎలుకల బుట్టలు పెట్టే ఖర్చు కొంత తగ్గిస్తోంది.

జెర్రిపోతు నాగుపాముతో జత కడుతుందని జనం అనే మాట ఉత్తదే. అలా పెనవేసుకునేవి చాలాసార్లు కుస్తీ పట్టే రెండు మగ జెర్రిపోతులే. బాబాయ్ ఒప్పుకున్నాడు.

పిన్ని మాత్రం అది గేదె పాలు తాగేస్తుందని ఒకటే పట్టు. సాయంత్రం పాలు తగ్గితే నాదే పూచీ అన్నాను.