కిటికీలో దీపం

2021 నవంబరు 28, ఆదివారం. వాషింగ్టన్‌లో ఫెడరల్ ట్రయాంగిల్ మెట్రో స్టేషన్లో దిగి బయటికొచ్చేసరికి చీకటి పడబోతోంది. నేను, మావారు, పదకొండేళ్ల మా అమ్మాయి, ఆరేళ్ల అబ్బాయి. మమ్మల్ని వెంటబెట్టుకొచ్చింది మా ఎదురింటి పెద్దావిడ, యూదులు. "మా దీపాల పండగ హనుక్కా మొదటి రాత్రి వైట్‌హౌస్ ముందు మైదానంలో దీపం వెలిగిస్తారు, టికెట్లు ఉచితం, నేను తీసిపెడతాను, పిల్లల్ని తీసుకురండి" అన్నారు. నేను పిల్లల కోసమే ఒప్పుకున్నాను. అసలు అవసరం నాకేనని తర్వాత తెలిసింది.

దాని వెనక కథ చెప్పాలి. అంతకు కొన్నేళ్ల ముందు మేము అద్దె అపార్ట్‌మెంట్లో ఉండగా ఓ దీపావళి రోజు ప్రమిదల పొగకి ఫైర్ అలారం మోగింది. మూడంతస్తులవాళ్లూ చంటిపిల్లల్ని ఎత్తుకుని చలిలో రోడ్డు మీద నిలబడ్డారు. మర్నాడు తలుపుకి నోటీసు. ఆ రోజు నాకు కలిగిన సిగ్గు చాలాకాలం వదల్లేదు. సొంత ఇంట్లోకి మారాక కూడా దీపాలు వంటింటి గట్టు మీదే, బ్లైండ్స్ దించేసి. దించమని పిల్లలకి నేనెప్పుడూ చెప్పలేదు. నేను దించుతుంటే చూశారు, అంతే. ఆ నవంబరులో స్కూల్లో 'మా ఇంటి సంప్రదాయం' అని రాయమంటే మా అమ్మాయి థ్యాంక్స్‌గివింగ్ టర్కీ గురించి రెండు పేజీలు రాసింది. మా ఇంట్లో మాంసం వండం. ఆ కాగితాలు చదివి రాత్రంతా నిద్రపోలేదు నేను.

మైదానం పేరు ఎలిప్స్, వైట్‌హౌస్‌కి దక్షిణాన ఉంటుంది. భద్రతా తనిఖీ దాటి లోపలికి వెళ్తే ముప్పై అడుగుల మెనోరా, అంటే హనుక్కా దీపస్తంభం. ఆరు బయట, గాలిలో, నలుదిక్కులా కనపడేలా. దాన్ని చూడగానే నాకు మా ఊరి గుడి ధ్వజస్తంభం మీది ఆకాశదీపం గుర్తొచ్చింది. మాది తెనాలి దగ్గర పల్లె. కార్తీకమాసం సాయంత్రాల్లో చిల్లులున్న రాగి పాత్రలో దీపం పెట్టి తాడుతో పైకి లాగుతుంటే మేము మెడలు వెనక్కి వాల్చి చూసేవాళ్లం. పొలాల్నించి వచ్చేవాళ్లకి కూడా కనపడేది.

సైనిక బ్యాండు వాయిస్తుంటే మా అమ్మాయి కళ్లన్నీ క్లారినెట్ల మీదే, తనూ స్కూల్ బ్యాండులో అదే వాయిస్తుంది. తర్వాత డగ్లస్ ఎమ్‌హాఫ్ వచ్చారు, అప్పటి వైస్ ప్రెసిడెంట్ కమలా హారిస్ భర్త. ఆ స్థానంలో ఉన్న మొదటి యూదుడు ఆయన. కమల తల్లిదేమో చెన్నై. "అయితే వాళ్లింట్లో రెండు పండగలా?" అని మా అమ్మాయి అడిగింది, ఎంతో ముఖ్యమైన సంగతి తెలుసుకుంటున్నట్టు.

మెనోరా అంత ఎత్తు కాబట్టి వెలిగించేవాళ్లు లిఫ్టులో పైకెళ్లారు. ముందు ప్రార్థనలు పాడతారు. మొదటి రాత్రి మూడు, మిగతా రాత్రులు రెండే. ఆ మూడోది, ఈ సమయం దాకా మమ్మల్ని ప్రాణాలతో చేర్చినందుకు దేవుడికి కృతజ్ఞత. కోవిడ్‌లో ఆ ముందటి ఏడాదే భర్తని పోగొట్టుకున్నారు పెద్దావిడ. ఆ వాక్యం దగ్గర ఆవిడ గొంతు ఆగిపోయింది. మా అబ్బాయి ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు.

మెనోరాకి తొమ్మిది దీపాలు. ఎనిమిది రాత్రులకి ఎనిమిది, తొమ్మిదోది షమాష్, అంటే సేవకుడు. ముందు దాన్ని వెలిగించి, దానితో మిగతావి వెలిగిస్తారు. ఆ ఎనిమిది దీపాల వెలుగులో ఏ పనీ చేసుకోకూడదు, వాటిని చూడ్డానికే. షమాష్ సంగతి వినగానే మావాడు గట్టిగా, "అమ్మమ్మ కూడా అగ్గిపుల్లతో వెలిగించదు, అగరొత్తితో వెలిగిస్తుంది!" అన్నాడు. వీడియో కాల్‌లో చూసిన దృశ్యం అది. వాడికి గుర్తుందని నాకు తెలియదు.

రోజుకొకటి పెంచడం వెనక ఇద్దరు యూదు గురువుల శిష్యుల మధ్య రెండువేల ఏళ్ల నాటి వాదం ఉంది. ఎనిమిదితో మొదలెట్టి తగ్గిస్తూ రావాలన్నారు షమ్మాయి శిష్యులు. ఒకటితో మొదలెట్టి పెంచుకుంటూ పోవాలన్నారు హిల్లెల్ శిష్యులు. రెండోదే నిలిచింది. ఇంకో నియమం నన్ను పట్టుకుంది: దీపాన్ని వీధిలో పోయేవాళ్లకి కనపడేలా గుమ్మంలోనో కిటికీలోనో పెట్టాలి. ఒక్కరోజుకి సరిపోయే నూనెతో గుడిలో దీపం ఎనిమిది రోజులు వెలిగిందట, ఆ అద్భుతాన్ని నలుగురికీ చాటడమే ఈ దీపం పని. ప్రాణభయం ఉన్న రోజుల్లో మాత్రం లోపల బల్ల మీద పెట్టుకున్నా చాలని వాళ్ల పెద్దలే సడలింపు ఇచ్చారట. నాకేం ప్రాణభయం ఉంది? ఒక నోటీసు. అంతే కదా.

ఇదంతా సులభంగా వచ్చింది కాదు. 1979లో తొలిసారి ఇక్కడికి దగ్గర్లోని లఫాయెట్ పార్కులో మెనోరా పెట్టినప్పుడు, టెహ్రాన్‌లో అమెరికన్లు బందీలైన సంక్షోభంలో తలమునకలై ఉన్న అధ్యక్షుడు కార్టర్ వైట్‌హౌస్ నుంచి నడిచొచ్చి షమాష్ వెలిగించారు. 1982లో రీగన్ దీన్ని 'నేషనల్ మెనోరా' అన్నారు. మతం ఇంట్లోనే ఉండాలి, ప్రభుత్వ స్థలంలో వద్దు అన్నవాళ్లలో యూదులూ ఉన్నారు, "మా ఆయన కూడా" అన్నారు పెద్దావిడ. పిట్స్‌బర్గ్‌లో ఇలాంటి మెనోరా మీదే 1989లో సుప్రీంకోర్టు దాకా వెళ్లింది వ్యవహారం, క్రిస్మస్ చెట్టు పక్కన ఉంచొచ్చని తీర్పొచ్చింది. వైట్‌హౌస్‌లో హనుక్కా విందు 2001లో మొదలైతే, దీపావళి వేడుక 2003లో. 2009లో ఒబామా స్వయంగా దీపం వెలిగించారు. ఆ ఫోటో అప్పట్లో మేమంతా ఒకరికొకరం పంపుకున్నాం. పంపుకుని, మా ఇంటి బ్లైండ్స్ దించుకున్నాం.

తిరుగు రైల్లో పెద్దావిడ అడిగారు, "మీ ప్రాంతంలో మావాళ్లున్నారా?" ఉన్నారని చెప్పాను. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిం అని ఒక చిన్న సమూహం ఉంది. ఇంట్లో మాట్లాడేది తెలుగే, ప్రార్థనలకి హీబ్రూ నేర్చుకుంటారు. ఎక్కువమంది కూలి పనులకి వెళ్లేవాళ్లు. చిన్న ప్రార్థనా మందిరం కట్టుకుని ఈ పండగలు చేసుకుంటారు. మా ఊరికి దగ్గరే. అయినా అక్కడ పెరిగిన నాకు వాళ్ల సంగతి అమెరికా వచ్చాకే తెలిసింది. అది నాకిప్పటికీ బాధే. చుట్టుపక్కల ఊళ్లలో తమలాంటివాళ్లు లేకపోయినా, బ్యాండూ పెద్ద మనుషులూ లేకపోయినా వాళ్లు చేసుకుంటున్నారు. మా అమ్మాయి ఇయర్‌ఫోన్స్ తీసి మరీ వింది. "తెలుగులో పాడతారా అమ్మా?" అని అడిగింది.

ఇంటికొచ్చాక తనే క్యాలెండర్ తీసింది. దీపావళి నవంబరు 4, అమావాస్య. హనుక్కా ఎనిమిది రోజుల మధ్యలో ఎప్పుడూ ఒక అమావాస్య పడుతుంది, వాళ్ల నెలలూ చంద్రుడితోనే నడుస్తాయి కాబట్టి. ఆ ఏడాది అది మన కార్తీక అమావాస్యే. అంటే మర్నాడు పోలి పాడ్యమి. ఇండియాలో ఆదివారం వచ్చింది, మాకు ఇక్కడ శనివారమే. తెల్లవారుజామున లేచి, అరటిదొప్పలు దొరక్క స్టీలు బేసిన్లో నీళ్లు పోసి, విస్తరాకు ముక్కల మీద ఒత్తులు పెట్టి వదిలాం. పోలి స్వర్గానికి వెళ్లిన కథ అమ్మ ఫోన్లో చెప్పింది. అత్త దీపం పెట్టనివ్వకపోతే పత్తి ఏరుకుని, చల్లకవ్వానికి అంటిన వెన్నతో చాటుగా దీపం పెట్టుకున్న కోడలు పోలి. "చాటుగా ఎందుకు?" అంది మా అమ్మాయి. "అప్పట్లో పాపం తనకి వేరే దారి లేదు తల్లీ" అంది అమ్మ.

ఆ రాత్రి ఎదురింటి కిటికీలో ఏడు దీపాలూ షమాషూ వెలుగుతున్నాయి. మా అమ్మాయి వెళ్లి మా ముందుగది బ్లైండ్స్ పైకంటా లాగింది. నేను బేసిన్ తెచ్చి కిటికీ దగ్గర బల్ల మీద పెట్టాను. చేతులు వణికాయి, నిజం చెప్తున్నాను. పక్కన నీళ్ల బకెట్ పెట్టుకున్నాం.

మరుసటి ఏడాది కార్తీకానికి అమ్మ ఇత్తడి కుంది పంపింది. సాయంత్రం అయితే చాలు, హోంవర్క్ వదిలేసి మావాడు అగరొత్తితో సిద్ధంగా ఉండేవాడు. పది పన్నెండు రోజులయ్యాక పెద్దావిడ రోడ్డు దాటి వచ్చి, మెట్ల దగ్గరే ఆగి కిటికీ వైపు చూస్తూ అడిగారు.

"మాకు ఎనిమిది రాత్రులు. మీకెన్ని?"

"నెలంతా" అన్నాడు మావాడు.